నీటికి నకలు

అమెరికాలో మిసిసిపి రాష్ట్ర రాజధాని జాక్సన్ శివార్లలో బడీ బట్స్ పార్క్ అని ఒకటుంది. దాని వెనక భాగమంతా తుప్పలు పెరిగిపోయి ఉంటుంది. ఆ తుప్పల మధ్య కాంక్రీట్ గుట్టలు, మెలికలు తిరిగిన సన్నటి కాలవలు, తుప్పు పట్టిన పైపులు కనిపిస్తాయి. ఫోటోల్లో చూస్తే ఎవరో వెంచర్ వేసి మధ్యలో వదిలేసిన కాలనీ అనుకుంటాం. నిజానికది ఒక నది నమూనా. మిసిసిపి, మిస్సోరి, ఒహాయో, అర్కాన్సా, వాటిలో కలిసే ఉపనదులు, అమెరికా ప్రధాన భూభాగంలో 41 శాతం నీళ్ళు ఎటు పారతాయో ఆ వాలంతా 200 ఎకరాల్లో పోతపోశారు. అక్కడ ఒక అడుగు వేస్తే అసలు నేల మీద దాదాపు ఒక మైలు నడిచినట్టు. అక్కడ 5.4 నిమిషాలు గడిస్తే నదిలో ఒక రోజు గడిచినట్టు.

ఇప్పుడు నీటి సరఫరా గురించి ఏ కాన్ఫరెన్స్‌లో చూసినా, ఏ కన్సల్టెంట్ పీపీటీ తెరిచినా "డిజిటల్ ట్విన్" అనే మాట తగులుతుంది. నగరం పైపుల వ్యవస్థకి కంప్యూటర్లో ఒక కవలని తయారుచేస్తారు. సెన్సర్లు, స్మార్ట్ మీటర్లు దానికి ఎప్పటికప్పుడు సమాచారం అందిస్తుంటాయి. లీకేజీ ఎక్కడుందో, రేపు ఎంత నీళ్ళు కావాలో అది చెప్తుంది. కొత్త టెక్నాలజీ అన్నట్టుగా మాట్లాడతారు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాణ్ణి కాబట్టి ఈ కొత్తదనం మీద నాకు కాస్త అనుమానం ఎక్కువ. మా రంగంలో పాత సరుకుకే ఐదేళ్ళకోసారి కొత్త పేరు పెడుతుంటారు. ఈ కవల పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ పోతే నేను తేలింది జాక్సన్ తుప్పల దగ్గర. దాని కథ 1927 వరదతో మొదలవుతుంది.

అప్పటిదాకా మిసిసిపి నదిని చూసుకునే ఆర్మీ ఇంజనీర్లది ఒకటే సిద్ధాంతం: కరకట్టలు చాలు. రెండు వైపులా ఎత్తుగా కట్ట వేసి నదిని ఇరుకు చేస్తే, ఆ వేగానికి నదే అడుగుని కోసుకుని లోతు చేసుకుంటుందని నమ్మారు. నీళ్ళు పక్కకి పోవడానికి దారులు వదలనక్కర్లేదన్నారు. 1927 ఏప్రిల్ 21న గ్రీన్‌విల్ ఊరికి ఎగువన మౌండ్స్ లాండింగ్ దగ్గర కరకట్టకి గండిపడింది. ఆ ఏడాది మొత్తం మీద మునిగిన నేల దాదాపు 70,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో అరవై శాతం పైన మునిగినట్టు లెక్క. ఆరు లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలి రావాల్సి వచ్చింది.

ఆ వరదలో రెండు సంగతులు నన్ను వదలవు. ఒకటి, గ్రీన్‌విల్‌లో జరిగింది. గండి పడకముందు నల్లజాతి కూలీలని తుపాకులు పెట్టి మరీ కట్ట మీద మట్టి మూటలు మోయించారు. గండి పడ్డాక వేలమంది అదే కట్ట మీద డేరాల్లో చిక్కుకుపోయారు. పడవలొచ్చాయి. తెల్లవాళ్ళని ఎక్కించుకుని వెళ్ళాయి. నల్లవాళ్ళని మాత్రం పంపలేదు. పంపితే వాళ్ళు మళ్ళీ తిరిగిరారు, పత్తి చేలల్లో చేసేవాళ్ళుండరు అని భూస్వాముల భయం. రెండోది, న్యూ ఆర్లీన్స్ నగరాన్ని కాపాడటానికి ఏప్రిల్ 29న కేర్నార్వన్ దగ్గర కరకట్టని డైనమైట్ పెట్టి పేల్చారు. దిగువనున్న రెండు పేద పారిష్‌లు మునిగాయి. పరిహారం ఇస్తామన్న మాట చాలావరకు మాటగానే మిగిలిపోయింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఎగువన పడ్డ గండ్ల వల్ల నగరానికి వచ్చే ముప్పు అప్పటికే తగ్గుతూ ఉంది. ఆ పేల్చడం అవసరమే లేదేమో. కానీ ఆ రోజు "ఇక్కడ తెగితే అక్కడ ఎంత తగ్గుతుంది" అన్న ప్రశ్నకి లెక్కకట్టి జవాబు చెప్పే సాధనం ఎవరి దగ్గరా లేదు.

ఆ సాధనం కోసమే తర్వాతి హడావిడి అంతా. 1928లో వరద నియంత్రణ చట్టం వచ్చింది. ఆ వెంటనే విక్స్‌బర్గ్‌లో నదుల నమూనాలు కట్టి పరీక్షించే ప్రయోగశాల పెట్టారు. మొదట్లో నదిని ముక్కలు ముక్కలుగా, ఒక వంపు ఒకసారి, ఒక రేవు ఒకసారి చేసి చూసేవాళ్ళు. 1937లో మళ్ళీ ఒహాయో పొంగాక, ముక్కలతో కుదరదు, మొత్తం నదీ పరివాహకాన్ని ఒకేచోట చూడాలని యూజీన్ రేబోల్డ్ అనే ఇంజనీర్ పట్టుబట్టాడు. ఆయనే తర్వాత ఆర్మీ ఇంజనీర్లకి చీఫ్ అయ్యాడు.

1943. యుద్ధం నడుస్తోంది. ఇంత మట్టి పని చేయడానికి మనుషులెక్కడ? ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన జర్మన్, ఇటాలియన్ సైనికులని ఓడల్లో తెచ్చి జాక్సన్ పక్కన క్యాంప్ క్లింటన్‌లో పెట్టారు. ఎడారిలో రోమెల్ కింద పోరాడినవాళ్ళు ఇక్కడ పలుగూ పారా పట్టుకుని, ఎన్నడూ చూడని ఒక నదికి ప్రతిరూపం తవ్వారు. 1946లో వాళ్ళు వెళ్ళిపోయారు. మిగతా పని సాగీ సాగీ 1966కి గానీ పూర్తి కాలేదు.

ఈ నమూనాలో ఒక తమాషా ఉంది. అడ్డంగా కొలత 1:2000, నిలువుగా కొలత 1:100. అంటే ఎత్తుపల్లాలన్నీ అసలు కంటే ఇరవై రెట్లు సాగదీసి ఉంటాయి. ఇది పొరపాటు కాదు, కావాలనే చేసింది. ఇరవై మీటర్ల లోతున్న నదిని రెండు దిక్కులా రెండు వేల వంతున కుదిస్తే నీళ్ళు సెంటీమీటరు మందం మిగులుతాయి. ఆ పల్చటి పొరలో నీళ్ళు నదిలాగా పారవు, బండ మీద ఒలికిన చారులాగా పాకుతాయి. నీరు నీరులా ప్రవర్తించాలంటే రూపం విషయంలో అబద్ధం ఆడక తప్పలేదు.

కట్టడం అయ్యాక అసలు పని మొదలు. అంతకుముందెప్పుడో వచ్చిన వరదని నమూనాలో మళ్ళీ వదులుతారు. నిజం నదిలో ఏ రోజు ఏ ఊరి దగ్గర నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో రికార్డు ఉంది కదా, అది నమూనాలో రాకపోతే గరుకుదనం మారుస్తారు. నది అడుగున ఇత్తడి ముక్కలు, కాంక్రీట్ దిమ్మలు. ఒడ్డున అడవులున్నచోట చెట్లకి బదులు మడతపెట్టిన వైరు మెష్. ఇక్కడ కాస్త పెంచు, అక్కడ కాస్త తగ్గించు. పాత వరద సరిగ్గా వచ్చేదాకా ఇదే. మెషిన్ లెర్నింగ్ చేసేవాళ్ళకి ఈ పని అర్థంకావడానికి నిమిషం పట్టదు. పారామీటర్లు ట్యూన్ చేయడం అంటే ఇదే, కాకపోతే మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు తడుపుకుంటూ. అందులో ఉన్న చిక్కు కూడా అదే. గతాన్ని సరిగ్గా అప్పజెప్పినంత మాత్రాన రేపటి సంగతి చెప్తుందని పూచీ ఏమీ లేదు.

అయినా అది పనిచేసింది. 1952 ఏప్రిల్‌లో మిస్సోరి నది పొంగినప్పుడు ఇంకా సగమే తయారైన నమూనాని రాత్రింబవళ్ళు నడిపారు. ఒమాహా, కౌన్సిల్ బ్లఫ్స్ దగ్గర నీళ్ళు ఎంత ఎత్తుకి వస్తాయో ముందే చెప్పగలిగారు. ఏ కట్ట ఎక్కడ ఎంత పెంచాలో తెలిసింది. ఆరున్నర కోట్ల డాలర్ల నష్టం తప్పిందని అప్పట్లో లెక్కేశారు.

1973 వరద దీనికి చివరి పెద్ద పరీక్ష. లూసియానాలో ఓల్డ్ రివర్ అనే చోట మిసిసిపి తన దారి వదిలేసి అట్చఫలాయ నదిలోకి మళ్ళిపోవాలని చూస్తుంటుంది. మళ్ళకుండా అక్కడొక గేట్ల కట్టడం ఉంది. ఆ ఏడాది వరద ఆ కట్టడం పక్క గోడని కూల్చేసి, పునాది కింద పెద్ద గొయ్యి తవ్వేసింది. ఇంకొంచెం ఉంటే మొత్తం పోయేది. పోతే న్యూ ఆర్లీన్స్ ఒక చచ్చిన పాయ పక్కన మిగిలేది. నమూనా నీళ్ళ ఎత్తులు చెప్పగలదు. ఈ గొయ్యి మాత్రం చెప్పలేదు. ఎందుకంటే నమూనాలో నది అడుగు కాంక్రీటు, అది కోసుకుపోదు. ఆ తర్వాత లెక్కలు కంప్యూటర్లలోకి మారాయి. నమూనాని జాక్సన్ నగరానికి అప్పగించారు. నగరానికి దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

(కాంక్రీట్ నమూనాల కాలం పూర్తిగా పోయిందనుకోకండి. మన పోలవరం స్పిల్‌వేకి పుణె పక్కన ఖడక్‌వాస్లాలో కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాల వాళ్ళు నమూనా కట్టే పరీక్షలు చేశారు. గేట్ల దగ్గర నీళ్ళు తిరిగే సుడులు కంప్యూటర్‌కి ఇప్పటికీ కష్టమే.)

ఇంత చేసినా, ఏ కట్టని పేల్చాలన్న 1927 నాటి ప్రశ్న అలాగే ఉంది. తేడా ఒక్కటే, ఇప్పుడు లెక్క ఉంది. 2011 మే 2న మిస్సోరి రాష్ట్రంలో బర్డ్స్ పాయింట్ దగ్గర కరకట్టని పేల్చారు. అది 1928 చట్టం తర్వాత ముందే గీసిపెట్టుకున్న వరద మళ్ళింపు దారి. ఇల్లినాయ్‌లోని కైరో ఊరు దక్కింది, 1,30,000 ఎకరాల పొలాలు మునిగాయి. లెక్క ప్రకారం అన్నీ సరిగ్గానే జరిగాయి. ఆ పొలాల మధ్య పిన్‌హుక్ అని ఒక చిన్న ఊరుండేది. నల్లజాతి రైతులు స్థిరపడిన ఊరు. మంచి భూములు వాళ్ళకి ఎవరూ అమ్మని రోజుల్లో, ముంపు భూమి కాబట్టే కొనుక్కోగలిగారు. ఆ ఊరు పోయింది. ఎంత గొప్ప నమూనా అయినా "ఇక్కడ తెగితే అక్కడ ఇంత తగ్గుతుంది" అని మాత్రమే చెప్తుంది. ఇక్కడ ఎవరున్నారు, ఇక్కడికే ఎందుకొచ్చారు అన్నది దాని ఇన్‌పుట్‌లలో లేదు.

నదుల సంగతి ఇలా ఉంటే, నగరాల పైపులది వేరే కథ. నది కళ్ళకి కనిపిస్తుంది. పైపు కనిపించదు. వందల మైళ్ళ పైపులు ఒకదాన్నొకటి వలలాగా కలుపుకుని ఉంటే, ఏ గొట్టంలో ఎంత నీరు ఏ వైపు పారుతోందో చెప్పడం చాలా కష్టం. 1936లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో హార్డీ క్రాస్ అనే ప్రొఫెసర్ దీనికి ఒక దారి చెప్పాడు. ముందు ప్రతి పైపులో ఎంత పారుతోందో ఊహించేయి. అప్పుడు వలలో ఒక్కో గడి చుట్టూ తిరిగి తప్పెంతుందో చూసి, సవరించు. మళ్ళీ తిరుగు. తప్పు దాదాపు సున్నా అయ్యేదాకా తిరుగుతూనే ఉండు. కాగితం, పెన్సిల్, ఓపిక ఉంటే చాలు. సివిల్ చదివిన మిత్రులు ఈ పేరు వినగానే మొహం చిట్లిస్తారు, పరీక్షలో మూడు పేజీల లెక్క గుర్తొచ్చి. నాకు మాత్రం అది కంప్యూటర్ ఇంకా లేని రోజుల్లో రాసిన ప్రోగ్రామ్‌లా కనిపిస్తుంది.

1993లో అమెరికా పర్యావరణ సంస్థలో పనిచేసే లూయిస్ రాస్‌మన్ ఈపీఏనెట్ అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేశాడు. ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఈ రోజు డిజిటల్ ట్విన్ పేరుతో అమ్మే చాలా ప్రొడక్టుల లోపల మూత తీసి చూస్తే ఇదే ఇంజనో, దీని చుట్టమో కనిపిస్తుంది. పైపుల్లో ఒత్తిడి ఎంతుందో చెప్పడం ఒక్కటే కాదు, ఫలానా కుళాయిలో వచ్చే నీళ్ళలో ఏ బావి వాటా ఎంతో కూడా అది చెప్పగలదు. ఆ రెండో పనితో జరిగిన ఒక కథ ఈ రంగం మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనది. ఇష్టం అన్న మాట ఇక్కడ సరైనదో కాదో తెలీదు.

న్యూజెర్సీలో టామ్స్ రివర్ అనే ఊరు. అప్పట్లో డోవర్ టౌన్‌షిప్ అనేవాళ్ళు. 1971లో ఒక కాంట్రాక్టర్ ఊరి చివర పొలాన్ని అద్దెకి తీసుకుని అందులో వేల డ్రమ్ముల రసాయన వ్యర్థాలు పడేశాడు. ఆ డ్రమ్ములు వచ్చింది యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి. అవును, ఆ యూనియన్ కార్బైడే. అవి నేలలోకి ఇంకి, మైలు దూరంలో ఊరికి తాగునీళ్ళిచ్చే పార్క్‌వే బావుల్లోకి చేరాయి. తొంభైల్లో ఆ ఊళ్ళో పిల్లలకి క్యాన్సర్లు ఎక్కువగా వస్తున్నాయని తల్లిదండ్రులు గొడవ చేస్తే, ప్రభుత్వం పరిశోధనకి దిగింది. అప్పుడు ఎదురైన ప్రశ్న: ఊళ్ళో అందరూ ఒకే కంపెనీ నీళ్ళు తాగారు కానీ, అందరూ ఒకే బావి నీళ్ళు తాగలేదు. ఎవరింటికి ఏ బావి నీళ్ళు వెళ్ళాయి? పిల్లవాడు పుట్టకముందు, తల్లి కడుపుతో ఉన్న నెలల్లో ఆ వీధి కుళాయిలో వచ్చిందేమిటి?

1962 నుంచి 1996 దాకా, 420 నెలలు. అన్నేళ్ళ కిందట ఏ సెన్సరూ లేదు. ఉన్నవల్లా ఏ బావి ఎప్పుడు తవ్వారు, ఏ పంపు ఎంత తోడింది, ఏ వీధికి పైపు ఎప్పుడు వేశారు అనే పాత రికార్డులు. 1998లో ఊళ్ళో అక్కడక్కడా ఒత్తిడి కొలిచి, ముందు ఇప్పటి వ్యవస్థకి నమూనా సరిచేసుకున్నారు. తర్వాత ఏడాదొక్కటిగా వెనక్కి నడిచారు. చివరికి ప్రతి నెలకీ ప్రతి వీధికీ ఒక జవాబు వచ్చింది. 2003లో ఫలితాలు బయటికొచ్చాయి: తల్లి కడుపుతో ఉన్నప్పుడు పార్క్‌వే బావుల నీళ్ళు ఎక్కువ తాగిన ఇళ్ళల్లో ఆడపిల్లలకి లుకేమియాతో సంబంధం కనిపించింది. మగపిల్లల్లో అలా కనిపించలేదు. కేసుల సంఖ్య చిన్నది, కాబట్టి పరిశోధకులు ఆచితూచే మాట్లాడారు. అప్పటికే 69 కుటుంబాలతో కంపెనీలు రాజీ చేసుకున్నాయి.

ఆ తల్లులు ఏళ్ళ తరబడి అడుగుతున్న ప్రశ్నకి, ఎంత సందేహంతోనైనా, ఒక వీధి పేరూ ఒక నెలా ఉన్న జవాబు దొరికింది. అది చెప్పింది ఒక ఉచిత సాఫ్ట్‌వేరూ, గుమస్తాలు రాసిపెట్టిన పంపు లెడ్జర్లూ. ఆ లెడ్జర్లు ఎవరో సర్దుకుని దాచకపోయుంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఏమీ చేయగలిగేది కాదు.

ఇక కవల అన్న మాట. 2002లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ గ్రీవ్స్ ఫ్యాక్టరీ వస్తువుల గురించి మాట్లాడుతూ ఈ ఆలోచన చెప్పాడు. ఆ పేరు పెట్టింది మాత్రం నాసాలో పనిచేసే జాన్ విక్కర్స్. విమానం ఇంజన్‌కి ఆ పేరు నప్పుతుంది. ఇంజన్ పుట్టినరోజు నుంచి దాని ప్రతి బోల్టు మనకి తెలుసు. అరవై, డెబ్భై ఏళ్ళుగా ఎవరెవరో వేసుకుంటూ వచ్చిన పైపుల వలకి ఆ మాట వాడితే నాకు ఇబ్బందిగా ఉంటుంది. కవలని ఎవరూ తయారుచేయరు, అసలుతో పాటు పుడుతుంది. దీన్ని మాత్రం ఎవరో కూర్చుని, ఏది పెట్టాలో ఏది వదలాలో తేల్చుకుని తయారుచేస్తారు. మాట ఆ మనిషిని దాచేస్తుంది.

పాత నమూనాకీ ట్విన్‌కీ ఉన్న నిజమైన తేడా ఒకటే. పాతది పరీక్ష పెట్టినప్పుడే నడుస్తుంది. ట్విన్ ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. కొన్ని నిమిషాలకోసారి సెన్సర్ చెప్పినదాన్ని, తాను లెక్కకట్టినదాన్ని పక్కపక్కన పెట్టుకుంటుంది. రాత్రి రెండింటికి ఊరంతా నిద్రపోతుంటే ఒక ప్రాంతంలో లెక్కకంటే ఎక్కువ నీళ్ళు పోతున్నాయంటే అక్కడ పైపు పగిలిందని అనుమానించొచ్చు. నిజంగా పనికొచ్చే సంగతే ఇది. స్పెయిన్‌లోని వాలెన్సియా నగరం తాగునీటి వలకి ఇలాంటిది కట్టి, ఎలా కట్టారో 2020లో పరిశోధనా పత్రం కూడా ప్రచురించారు. ఈ రంగంలో అందరూ చూపించే ఉదాహరణ అదే.

అయితే సెన్సర్ ఎక్కడ పెట్టాలి? ప్రతి పైపుకీ పెట్టలేం కదా. 2001 దాడుల తర్వాత అమెరికాలో ఎవరైనా తాగునీళ్ళలో విషం కలుపుతారేమోనని భయం పట్టుకుంది. 2006లో సిన్సినాటీలో పరిశోధకులు ఒక పోటీ పెట్టుకున్నారు. రెండు పైపుల వలలు ఇచ్చి, ఐదు సెన్సర్లుంటే ఎక్కడ పెడతారు, ఇరవై ఉంటే ఎక్కడ పెడతారు అని అడిగారు. గెలుపు తేల్చడానికి కొలమానాలు నాలుగు: ఎంత త్వరగా పట్టుకున్నారు, అప్పటికి ఎంతమంది మీద ప్రభావం పడింది, ఎంత చెడునీరు తాగేశారు, అసలు పట్టుకునే అవకాశం ఎంత. నాలుగూ ఒకదానితో ఒకటి పొసగవు. త్వరగా పట్టుకోవాలంటే సెన్సర్ ఒకచోట ఉండాలి, ఏదీ తప్పించుకుపోకుండా పట్టుకోవాలంటే ఇంకోచోట. ఒక్క విజేతని తేల్చడం కుదరలేదు. ఏది నష్టం అని ముందు మనం చెప్తే, సెన్సర్ ఎక్కడో తర్వాత అల్గారిథం చెప్తుంది.

సెన్సర్ ఉన్నా కథ అయిపోదు. అదే వాలెన్సియా చుట్టుపక్కల 2024 అక్టోబర్ 29న కుంభవృష్టి కురిసింది. ఇది తాగునీటి ట్విన్‌కి సంబంధం లేని వ్యవహారం, రెండిటినీ కలిపి వెక్కిరించడం అన్యాయం. కానీ అక్కడి వాగులకి కూడా స్వయంగా కొలిచి పంపే మీటర్లున్నాయి. పోయో అనే వాగు మామూలు రోజుల్లో ఎండిపోయి ఉంటుంది. ఆ సాయంత్రం 6:55కి దాని మీటరు సెకనుకి 2,200 ఘనమీటర్లకి పైగా చూపించింది. ఆ తర్వాత ఏమీ చూపించలేదు, వరద మీటర్నే ఎత్తుకుపోయింది. జనం ఫోన్లకి హెచ్చరిక వెళ్ళింది రాత్రి 8:11కి. చనిపోయినవాళ్ళు 220 మందికి పైన. నీళ్ళ గురించి సమాచారం ఉంది. దాన్ని చూసి ఫోన్ల బటన్ నొక్కాల్సిన చోట మనుషులు, శాఖలు, ఎవరి పరిధి ఎంత అన్న వాదనలు ఉన్నాయి. ఆ భాగానికి ట్విన్ ఎవరూ కట్టలేదు.

మన నగరాలకి ఈ సాఫ్ట్‌వేర్లు దిగుమతి చేసుకునేటప్పుడు ఇంకో చిక్కుంది, దాని గురించి బ్రోషర్లలో కనిపించదు. ఈపీఏనెట్ పైపు ఎప్పుడూ నిండుగా, ఒత్తిడితో ఉంటుందని అనుకుంటుంది. వాలెన్సియాలో ఉంటుంది. హైదరాబాద్‌లో చాలా ఇళ్ళకి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు, ఒకటి రెండు గంటలు వస్తాయి. మిగతా సమయం పైపు ఖాళీ. నీళ్ళు వదిలిన మొదటి నిమిషాల్లో జరిగేదంతా ఆ సమీకరణాల బయట జరుగుతుంది. పైగా ప్రతి ఇంట్లో సంప్, కొందరిళ్ళల్లో లైనుకే తగిలించిన మోటర్. అంటే డిమాండ్ అనేది దాహాన్ని బట్టి ఉండదు, ఎవరి సంప్ ఎంత పెద్దది, ఎవరు ముందు మోటర్ వేశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. వాటికి తగ్గట్టు నమూనాలు మార్చే పరిశోధనలు జరుగుతున్నాయి, జరగాలి కూడా. ఈలోపు ఆ వలకి ఉన్న అసలైన నమూనా వాల్వ్ తిప్పే లైన్‌మన్ తలలో ఉంది. ఏ వాల్వ్ ఎన్ని చుట్లు తిప్పితే చివరి గల్లీకి నీళ్ళెక్కుతాయో ఆయనకి తెలుసు. మ్యాప్‌లో ఉన్న పైపు నేలలో లేదని, నేలలో ఉన్న పైపు మ్యాప్‌లో లేదని కూడా తెలుసు.

ఆయన వాల్వ్ తిప్పగానే ముందు నీళ్ళు రావు. ఖాళీ పైపులో ఉన్న గాలి బుసకొడుతూ నల్లాలోంచి వస్తుంది. ఆ గాలికి కూడా మీటరు గిర్రున తిరుగుతుంది. స్మార్ట్ మీటరైతే ఆ రీడింగ్‌ని వెంటనే సర్వర్‌కి పంపిస్తుంది.